హైదరాబాద్ 78.5 డిగ్రీల తూర్పు అంటే దేనికి తూర్పు?

ప్రశ్న:
మా అబ్బాయి ఆరో తరగతి. సోషల్ చదివిస్తుంటే నాకే డౌట్ వచ్చింది. అక్షాంశాలు అర్థమయ్యాయి, భూమధ్యరేఖకి ఎంత పైన, ఎంత కింద అని. రేఖాంశాలకి మొదలెక్కడ? వాటికీ టైముకీ సంబంధమేంటి? వాడితో బట్టీ పట్టించడం నాకిష్టం లేదు, కాస్త వివరంగా చెప్పండి.

జవాబు 1:
లండన్‌లోని గ్రీనిచ్ అబ్జర్వేటరీకి తూర్పు అండి. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల భూమధ్యరేఖ ఎక్కడుండాలో దానంతటదే తేలిపోతుంది, సున్నా రేఖాంశానికి అలాంటి ఆధారం లేదు, ఎవరు ఎక్కడ గీసుకున్నా లెక్క సరిపోతుంది. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం ఉజ్జయిని మీదుగా పోయే రేఖని తీసుకుంది, ఫ్రాన్స్ వాళ్లు పారిస్ అన్నారు. 1884లో వాషింగ్టన్‌లో 25 దేశాలు సమావేశమై గ్రీనిచ్‌ని ఖాయం చేశాయి. అప్పటికే ఎక్కువ ఓడలు ఆ లెక్కతో వేసిన మ్యాపులే వాడుతున్నాయి మరి. ఫ్రాన్స్ మాత్రం ఓటు వేయలేదు.

జవాబు 2:
టైము సంగతి నేను చెబుతాను, అసలు విషయం అక్కడే ఉంది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. విశాఖ 83.3, హైదరాబాద్ 78.5, తేడా 4.8 డిగ్రీలు, అందుకే విశాఖలో సుమారు 19 నిమిషాలు ముందే తెల్లవారుతుంది. మన గడియారాలన్నీ 82.5 రేఖాంశం టైముతో నడుస్తాయి కాబట్టి హైదరాబాద్‌లో సూర్యుడు ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తుకి వచ్చేది సగటున 12:16కి. నెలని బట్టి ఇది మారుతుంది, ఫిబ్రవరిలో దాదాపు 12:30, నవంబర్ మొదట్లో 12 గంటలకే. మీ వాడితో డాబా మీద ఒక కర్ర నిటారుగా పాతించి, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఎప్పుడైందో రాయించండి. ఆ టైములో నెలని బట్టి వచ్చే తేడా సరిచేసుకుంటే మీ ఊరి రేఖాంశం వాడే లెక్కగడతాడు. మే 9 దాకా ఆగితే ఇంకా బావుంటుంది, ఆరోజు హైదరాబాద్‌లో 12:12కి కర్రకి నీడే ఉండదు!

జవాబు 3:
పైన చెప్పిన పద్ధతే నడిసముద్రంలో ఓడవాళ్లకి ప్రాణసంకటం అయ్యేది. అక్కడి మధ్యాహ్నం సూర్యుణ్ని చూస్తే తెలుస్తుంది, అదే క్షణంలో బయల్దేరిన రేవులో టైమెంతో తెలిసేదెలా? లోలకం గడియారాలు ఓడ ఊపుకి పనిచేయవు. భూమధ్యరేఖ దగ్గర 4 నిమిషాల తప్పు అంటే 111 కిలోమీటర్ల తప్పు, చీకట్లో రాళ్లకి గుద్దుకోవడానికి అది చాలు. వడ్రంగి పని నేర్చిన జాన్ హారిసన్ జీవితమంతా దీని మీదే పెట్టి, చివరికి అరచేతిలో పట్టేంత గడియారం చేశాడు, 1761లో దాన్ని జమైకా ఓడలో పరీక్షించారు. పిల్లాడికి ఈ కథ తప్పకుండా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. ఆ 82.5 రేఖ మన ఆంధ్రాలో ఎక్కడైనా పోతుందా?

జవాబు 2:
పోతుందండి, తుని దగ్గరగా. కాకినాడ పేరు చెబుతుంటారు గానీ అక్కడికొచ్చేసరికి రేఖ సముద్రంలోకి దిగిపోతుంది. తునిలో కర్ర పాతితే డిగ్రీకి 4 నిమిషాల లెక్కతో పనే లేదు, నెలని బట్టి వచ్చే తేడా ఒక్కటే చూసుకోవాలి.