జూన్‌లో ఎల్‌కేజీ: పాపను బడికి ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న (ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు):
మా పాపకు వచ్చే జూన్ నాటికి నాలుగేళ్లు నిండుతాయి. అక్షరాలు, అంకెలు చక్కగా చెబుతుంది కానీ, పార్కులో పిల్లలు దగ్గరికి రాగానే నా చున్నీ పట్టుకుని వెనక్కి దాక్కుంటుంది. నిరుడు ప్లేస్కూల్లో చేర్చినప్పుడు, అక్కడి ఆయమ్మ సలహా మీద, పాప చూడకుండా బయటికి వచ్చేశాను. ఆ తర్వాత నెల రోజులు నేను స్నానానికి వెళ్లినా తలుపు దగ్గర కూర్చుని ఏడ్చేది. చివరికి మాన్పించాము. ఈసారి ఏం చేయాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ప్రీస్కూల్ టీచర్, హొరమావు):
అమ్మా, చెప్పకుండా జారుకుంటే ఆ పూటకు ఏడుపు తప్పుతుంది గానీ, అమ్మ ఎప్పుడు మాయమవుతుందోనన్న భయం బిడ్డను వదలదు. కళ్లలోకి చూసి, "అన్నం తిన్నాక వస్తాను" అని చెప్పి, ముద్దు పెట్టి, వెంటనే కదలండి. గుమ్మంలో తచ్చాడవద్దు. ఇప్పటి నుంచే తెలిసినవారింట్లో పావుగంట, తర్వాత అరగంట వదిలి, చెప్పిన వేళకు తప్పక రండి. ఈ వయసులో గడియారం తెలియదు కనుక "నాలుగింటికి" అనేకంటే "పాలు తాగాక" అంటేనే అర్థమవుతుంది.

మరొక మాట. మా తరగతిలో ఒక బాబు మూత రాని టిఫిన్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, కన్నీళ్లు కారుతున్నా నోరు విప్పకుండా కూర్చున్నాడు. వాడికి వంద వరకు అంకెలు వచ్చు, సాయం అడగడమే రాదు. "మూత తీయండి", "టాయిలెట్‌కు వెళ్లాలి" అన్న మాటలు అక్షరాల కంటే ముందు కావాలి. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా తీసుకుని, ఆటకే పెద్దపీట వేసింది.

సమాధానం (ఒక తండ్రి, కేఆర్ పురం):
మా వాడికి తెలుగు తప్ప రాదు, బడిలో ఆయమ్మకు కన్నడ తప్ప రాదు. అందుకని "నీరు బేకు" (నీళ్లు కావాలి), "టాయిలెట్‌గె హోగ్‌బేకు" (టాయిలెట్‌కు వెళ్లాలి) అన్న రెండు కన్నడ మాటలను బొమ్మలతో బడి ఆట ఆడుతూ నేర్పించాము. మొదటి వారమే ఆ మాటలు పనికొచ్చాయి.

ప్రశ్న అడిగిన తల్లి:
అందరికీ కృతజ్ఞతలు. బడిలో చేరాక కూడా ఎవరితోనూ మాట్లాడకపోతే ఎంతకాలం ఆగవచ్చు?

హొరమావు టీచర్:
మొదటి నెల బెరుకు సహజమేనమ్మా, తొందరపెట్టకండి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, నెల దాటాక కూడా బడిలో పెదవి విప్పకపోతే మాత్రం పిల్లల వైద్యునికి చూపించండి. మన ఊళ్లోనే ఉన్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక ఆరోగ్యానికి ప్రత్యేక విభాగం ఉంది.