మాస్కోనీ కప్పులో అమెరికా ఓటమిని ఏ లెక్కతో విశ్లేషించాలి?

నమస్కారం. మాది విజయనగరం. కోటకు దగ్గరలో, ఒకే ఒక్క పాత బల్ల ఉన్న గదిలో స్నూకర్ ఆడుతూ పెరిగినవాళ్లం. నైన్ బాల్ (ఒకటి నుంచి తొమ్మిది అంకెల బంతులతో ఆడే పూల్ ఆట) మాత్రం ఫోన్‌లో చూసి నేర్చుకున్నదే.

మాస్కోనీ కప్పు అంటే ఏటా యూరప్, అమెరికా జట్ల మధ్య జరిగే నైన్ బాల్ పోటీ. 2023లో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో యూరప్ చేతిలో అమెరికా 11-3తో ఓడిపోయింది. మరుసటి ఏడాది సొంతగడ్డ ఓర్లాండోలోనూ 11-6తో ఓటమే ఎదురైంది. అయితే ఒక్కో మ్యాచ్ ముందుగా 5 రాక్‌లు (బంతులు పేర్చి ఆడే ఒక్కో విడత) గెలిచినవారిది కాబట్టి, 5-4తో పోయినా 5-0తో పోయినా జట్టు కోల్పోయేది ఒక్క పాయింటే. అందువల్ల తుది స్కోరును బట్టి ఆటలోని అంతరాన్ని కొలవడం నాకు సబబుగా తోచడం లేదు.

మా మిత్రులు బ్రేక్‌నే, అంటే పేర్చిన బంతులను చెదరగొట్టే తొలి దెబ్బనే, తప్పుపడుతున్నారు. నా అనుమానం సేఫ్టీల మీద, అంటే ప్రత్యర్థికి సులువైన దెబ్బ దొరకకుండా ఆడే ఎత్తుల మీద. బల్ల మీద మిగిలిన వాటిలో అతి చిన్న అంకె బంతినే ముందుగా తాకాలి కనుక, దాన్ని మరో బంతి చాటున దాచగలిగితే ప్రత్యర్థి ఫౌల్ చేయవచ్చు, అప్పుడు క్యూ బంతిని (కర్రతో కొట్టే తెల్ల బంతిని) మనకు నచ్చిన చోట పెట్టుకోవచ్చు. మొన్న మా బల్ల మీద నేను దాచిన రెండో నంబరు బంతి సుద్దముక్క వెడల్పంత బయటికి జరిగింది. ఆ రాక్ అక్కడే పోయింది.

రికార్డింగులు చూస్తూ నోటుపుస్తకంలో గళ్లు గీసుకున్నాను గానీ, ఒక సందేహం తీరడం లేదు. భాగస్వాములు ఒకరి తర్వాత ఒకరు కొట్టే డబుల్స్‌లో, మొదటివాడు క్యూ బంతిని చెడ్డచోట ఆపడం వల్ల రెండోవాడు గురి తప్పితే, ఆ తప్పును ఎవరి ఖాతాలో రాయాలి? అలాగే ఒక్కో దెబ్బకు ఇచ్చే 30 సెకన్ల గడియారం తెచ్చే ఒత్తిడిని వేరుగా గుర్తించే పద్ధతి ఏదైనా ఉందా? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.