పదమూడు గడియారాలు: కొట్టాయా, కొట్టించారా?

శనివారం బడి టీచరు
అందరికీ నమస్కారం. ఫిలడెల్ఫియా దగ్గర మా తెలుగు బడిలో ఈసారి జులై 4, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం గురించి తెలుగులోనే పాఠం చెప్పాలనుకుంటున్నాను. బ్రిటన్ ఏలుబడిలోని పదమూడు వలసలు ఎలా ఒక్కటయ్యాయో పిల్లలు ఇంగ్లిష్‌లో ఎలాగూ చదువుతారు. చిన్నప్పుడు ఎక్కడో చదివిన వాక్యం ఒకటి నాలుగు రోజులుగా బుర్రలో తిరుగుతోంది: "పదమూడు గడియారాలు ఒక్కసారిగా గంట కొట్టాయి." గడియారాలంటే ఆ వలసలే. మూలం, స్వాతంత్ర్య నాయకుల్లో ఒకడు, తర్వాత అమెరికా అధ్యక్షుడూ అయిన జాన్ ఆడమ్స్ 1818లో హెజెకయా నైల్స్ అనే పత్రికాసంపాదకుడికి రాసిన ఉత్తరం. తెలుగులో రాసిందెవరో, సరిగ్గా ఈ మాటలే ఉన్నాయో లేదో చెప్పగలరా?

విజయనగరం వాసి
"ఒక్కసారిగా" అయి ఉండదు టీచరుగారూ. ఒక్కసారిగా వాన దంచేసింది అంటాం, అంటే హఠాత్తుగా అని. ఆడమ్స్ ఉద్దేశం అది కాదు. 1765లో బ్రిటన్ పన్ను వేసిన స్టాంపు చట్టం మీద న్యూయార్క్‌లో తొమ్మిది వలసలు కూడినప్పటి నుంచి 1776 స్వాతంత్ర్యం దాకా లెక్కేస్తే పదకొండేళ్లు. అందులో హఠాత్తు ఏముంది? "ఒకేసారి" ఉండాలి. నేను రాస్తే "ఒక్కపెట్టున" అని రాస్తాను.

వ్యాకరణం మాస్టారు
మీరంతా క్రియావిశేషణం దగ్గర ఆగిపోయారు. చిక్కు "కొట్టాయి"లో ఉంది. ఆడమ్స్ రాసింది కొట్టేలా చేశారని. అది ప్రేరణార్థకం, "కొట్టించారు" కావాలి. ఆ "ఇంచు" తీసేస్తే గడియారాలు వాటంతటవే మోగాయని పిల్లలు అనుకుంటారు. ఇంతకు ముందు ఏ కళాకారుడూ సాధించని యంత్ర నైపుణ్యం ఇది అని ఆయన ఆ వెంటనే అంటాడు. పనివాడు లేకుండా నైపుణ్యం ఎక్కడిది?

గోదావరి గట్టు
మాస్టారూ, చిన్న మనవి. బడి గంట "కొట్టారు" అంటాం. గోడ గడియారం పన్నెండు "కొట్టింది" అంటాం. మొదటిదానికి ప్యూను కావాలి, రెండోదానికి మనిషి అక్కర్లేదు. కాబట్టి గడియారానికి "కొట్టాయి" రాసిన అనువాదకుడు తెలుగు తెలిసినవాడే. "గడియారాలను కొట్టించారు" అంటే నా చెవికి ఎవరినో పిలిచి దెబ్బలు వేయించినట్టుంది.

వ్యాకరణం మాస్టారు
నిజమే, గడియారం కొట్టింది అంటాం. మరి కీ ఇచ్చిందెవరు? మా ఇంట్లో గోడ గడియారానికి ఆదివారం పొద్దున్నే నాన్నగారు కీ ఇచ్చేవారు, మరచిపోతే గురువారానికి ఆగిపోయేది. ఇక్కడ కీ ఇచ్చింది ఉత్తరాల సంఘాలు. 1772 నవంబరులో బోస్టన్ సంఘం, 1773 మార్చిలో వర్జీనియా శాసనసభ వేసిన సంఘం. ఒక వలసలో జరిగింది మరో వలసకు ఉత్తరాల్లో తెలిసేది. 1774లో బ్రిటన్ బోస్టన్ రేవు మూసేస్తే సౌత్ కరొలినా నుంచి బియ్యం వెళ్లింది. ఇదంతా ఆ "ఇంచు"లో ఉంది.

డెలవేర్ అల్లుడు
ఇక్కడే ఉంటాను కాబట్టి ఒక మాట. అవి ఒకేసారి కొట్టనే లేదండీ. వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్‌లో స్వాతంత్ర్యం మీద 1776 జులై 1న జరిగిన తొలి ఓట్ల లెక్కలో తొమ్మిది వలసలే అవునన్నాయి. పెన్సిల్వేనియా, సౌత్ కరొలినా కాదన్నాయి. సభలో ఉన్న డెలవేర్ ప్రతినిధులిద్దరూ చెరో వైపు. న్యూయార్క్ ఏమీ అనలేదు. డెలవేర్ మూడో ప్రతినిధి సీజర్ రాడ్నీ రాత్రంతా ఉరుములు, వానలో గుర్రం మీద వచ్చి మర్నాడు డెలవేర్ ఓటు తేల్చాడు. పెన్సిల్వేనియా తరఫున కాదన్న డికిన్సన్, రాబర్ట్ మోరిస్ ఆ రోజు సభకు రాకుండా ఉండిపోయారు. జులై 2న పన్నెండు. న్యూయార్క్ అవునన్నది జులై 9న. "ఏకగ్రీవం" అన్న మాట స్వాతంత్ర్య ప్రకటన శీర్షికలో చేర్చాలని కాంగ్రెస్ తీర్మానించింది జులై 19న. ఎక్కువమంది సంతకాలు ఆగస్టు 2న. ఈ వరుస బోర్డు మీద రాసి, ఆడమ్స్ వాక్యం పక్కన పెడితే పిల్లలే మాట్లాడతారు.

విజయనగరం వాసి
ఇంత తెలిశాక "ఒక్కపెట్టున" కూడా వెనక్కి తీసుకోవాలేమో. అయినా తీసుకోను. అది కాలాన్ని చెప్పే మాట కాదు, ఊపును చెప్పేది.

గోదావరి గట్టు
పాఠానికి పేరు కావాలంటే గురజాడ వారి "చెట్టపట్టాల్" ఉంది కదా. "దేశభక్తి" గేయంలో మాట. చెట్ట అంటే చెయ్యి. చెట్టపట్టడం అంటే పెళ్లాడడం అని కూడా నిఘంటువు చెబుతుంది. చెయ్యి పట్టుకున్నాక మాట తప్పడం ఉండదు. ఆయన జాతులూ మతాలూ అన్నదమ్ముల్లా మెలగాలని పాడిన చోటే ఈ మాట వాడాడు. ఆడమ్స్ ఉత్తరంలోనూ ఇదే బాధ: మతాలు వేరు, ఆచారాలు వేరు, పుట్టుక వేరు, ఒకరికొకరు తెలియదు.

వ్యాకరణం మాస్టారు
చెట్టకు "చెడు" అనే అర్థం కూడా ఉంది, పిల్లలకు ఒకటే చెప్పండి. అది సరే, గురజాడ "నడువవలెనోయ్" అన్నాడు, "నడిపించవలెనోయ్" అనలేదు. అక్కడ ప్రజలకు చెబుతున్నాడు కాబట్టి. ఆడమ్స్ జరిగిపోయినదాన్ని వెనక్కి చూస్తూ చెబుతున్నాడు. అందుకే "ఇంచు".

పాత సంచికల ప్రేమి
టీచరుగారు అడిగింది తెలుగులో ఎవరు రాశారని. నా దగ్గరున్న పాఠ్యపుస్తకాల కట్టలు తిరగేశాను, కనబడలేదు. "వలసలు" అని ఉంటే పాతది, "కాలనీలు" అని ఉంటే ఈమధ్యది అని నా అంచనా. హైదరాబాదులో పెరిగిన పిల్లలకు కాలనీ అంటే పార్కు, వాటర్ ట్యాంకు ఉన్న ఇళ్ల వరుస. మీ పిల్లలకు ఏమని చెబుతున్నారు?

శనివారం బడి టీచరు
"వలసలు" అనే చెప్పాను. "మేమూ వలసే కదా" అన్నాడు ఏడేళ్ల బాబు. అక్కడ చాలాసేపు ఆగాం. వలస అంటే వెళ్లడం, వెళ్లిన చోటు, వెళ్లినవాళ్లు, అన్నీ ఒకే మాటలో ఉన్నాయని వాళ్లకు చాలా నచ్చింది. తర్వాత బోర్డు మీద మాస్టారు చెప్పినట్టే రాశాను: "పదమూడు గడియారాలను ఒకేసారి గంట కొట్టించారు." డెలవేర్‌గారి తేదీలు కింద రాశాను. ఒక అమ్మాయి అడిగింది: "న్యూయార్క్ గడియారానికి కీ ఇవ్వడం ఎందుకు ఆలస్యమైంది?"

డెలవేర్ అల్లుడు
మంచి ప్రశ్న. అవునని చెప్పే అధికారం ఆ ప్రతినిధులకు ఇంటి నుంచి రాలేదు. ఆ రోజుల్లోనే బ్రిటిష్ ఓడలు వచ్చి స్టాటెన్ దీవిలో సైన్యాన్ని దించుతున్నాయి. న్యూయార్క్ సభ నగరం వదిలి వైట్ ప్లెయిన్స్‌కు వెళ్లి, అక్కడ జులై 9న కూడి ఆమోదించింది. శత్రువు గుమ్మం ముందు ఉండగా అవునన్నారు.

గోదావరి గట్టు
అయితే ఆ ఒక్క గడియారానికి మాత్రం "కొట్టింది" అని రాయండి టీచరుగారూ.

వ్యాకరణం మాస్టారు
రాయకండి. రేపు సాయంత్రం తీరిగ్గా చెబుతాను.