‘ప్రకటించు స్త్రీలు’: ఆ ‘స్త్రీలు’ మూలంలో ఉన్నారా?

రాంనగర్: తెలుగు బైబిల్లో సగం వాక్యమే గుర్తుంది: ‘దానిని ప్రకటించు స్త్రీలు గొప్ప సైన్యముగా ఉన్నారు’. పాత ఇంగ్లీషు బైబిల్లో స్త్రీల ఊసే లేదు, ప్రకటించినవాళ్ల గుంపు పెద్దదని మాత్రమే ఉంది. మన తెలుగు అనువాదకులు కలిపారా? మా చర్చి ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రి, ఫ్లెక్సీకి కావాలి, శనివారంలోగా చెప్పండి.

మెట్టుగూడ: కీర్తన 68:11. కలిపింది కాదు. ‘ప్రకటించు స్త్రీలు’కు హీబ్రూలో ‘హమెవస్సెరోత్’. చివరి ‘ఓత్’ స్త్రీలింగ బహువచనం, మగవాళ్లయితే ‘ఈమ్’ వచ్చేది. గ్రీకు అనువాదంలో అది పుంలింగమైంది.

నారాయణగూడ: ‘ఓత్’ను అంత నమ్మకండి. బైబిల్లోని ‘ప్రసంగి’ గ్రంథానికి హీబ్రూ పేరు ‘కోహెలెత్’ కూడా రూపంలో స్త్రీలింగమే, మాట్లాడేది మాత్రం దావీదు కుమారుడు.

మెట్టుగూడ: అది ఏకవచనం, పదవి పేరులాంటిది. ఇక్కడ బహువచనం. నిర్గమ 15:20లో మిర్యాము తంబుర, 1 సమూయేలు 18:6 చూడండి. యుద్ధం గెలిస్తే పాడుతూ బయల్దేరేది ఆడవాళ్లే.

నారాయణగూడ: నేననేదీ అదే! అది గెలుపు పాట, ప్రసంగ పీఠం కాదు. ప్రకటించడం వేరు, ప్రవచించడం వేరు, ఉపదేశించడం వేరు. 1 తిమోతి 2:12లో పౌలు స్త్రీకి సెలవియ్యనన్నది ‘ఉపదేశించుటకైనను’.

కోఠి: తెలుగు చిక్కు ఎవరికీ పట్టలేదు. చిన్నయసూరి వ్యాకరణం లెక్కలో ఆడవాళ్లు ఏకవచనంలో అమహత్తుల (జంతువులు, వస్తువుల) సరసన, బహువచనంలో మగవాళ్ల సరసన. ‘ప్రకటించువారు’ అని ఊరుకుంటే ‘ఓత్’ ఆనవాలు కూడా మిగలదు. అందుకే ‘స్త్రీలు’ అని విడిగా పెట్టాల్సొచ్చింది. రోమా 16:7లో ‘యూనీయకును’ చూడండి, ఆడో మగో తేలదు. గ్రీకులోనూ అదే తంటా. ఊనిక ‘ని’ మీద పడితే యూనియా అనే స్త్రీ, చివరి ‘ఆ’ మీద పడితే యూనియాస్ అనే పురుషుడు. తొలి రాతప్రతుల్లో ఆ గుర్తులే లేవు.

బాగ్‌లింగంపల్లి: లింగం మాటొచ్చింది కాబట్టి జాషువా ‘గబ్బిలం’ కావ్యం. ‘గబ్బిల మొకండు’ అన్నాక మరుపాదంలో ‘దాని పక్షానిలంబున వాని చిన్ని’. ‘దాని’ గబ్బిలానిది, ‘వాని’ ఆ పేదవాడిది. ‘ఒకండు’ చూసి మగ గబ్బిలం అనుకున్నవాళ్లు ‘దాని’ దగ్గర బోర్లా పడతారు.

కోఠి: తేటగీతి కదా, పాదం చివర సూర్యగణం పడాలి. ‘కండు’ గలం, అంటే గురువు, లఘువు. ‘ఒకటి’ పెడితే మిగిలేది ‘కటి’, రెండు లఘువులే. గణం కుంటుతుంది. యతి చూశారా, పాదం మొదటి ‘వి’కి ‘గబ్బిల’లోని ‘బ్బి’! ఆయన చెవే చెవి.

తార్నాక: గబ్బిలాన్ని కాసేపు వేలాడనిచ్చి పౌలు స్త్రీలకు చెప్పిన ‘మౌనము’ దగ్గరికి రండి. అసలు ముడి అక్కడుంది. 1 తిమోతి 2లో గ్రీకు మాట ‘హెసూఖియా’. 2 థెస్సలొనీక 3:12లో అదే మాటకు మనవాళ్లు ‘నెమ్మదిగా పని చేయుచు’ అన్నారు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి నెమ్మది కాస్తా మౌనమైంది.

నారాయణగూడ: అపొస్తలుల కార్యములు 22:2లోనూ అదే మాట. అక్కడ జనం నోరు మూసుకున్నారనే అర్థం.

తార్నాక: మూసుకున్నది వినడానికి, జీవితాంతం కాదు. 1 కొరింథీ 14 ఇంకా తమాషా. అక్కడి క్రియ ‘సిగావో’, అంటే మౌనంగా ఉండడం, మూడుసార్లు వస్తుంది. 28లో అర్థం చెప్పేవాడు లేనప్పుడు భాషలతో మాట్లాడేవాడికి, 30లో మరొకరికి బయలుపడినప్పుడు మొదటివాడికి, 34లో స్త్రీలకు. మొదటి రెండూ కాసేపు ఆగమనడమే. మూడోదాన్ని మాత్రం శాశ్వతం చేస్తే ఎలా? 11:5లో ముసుకు వేసుకుని ప్రవచించమన్నదీ ఈ పౌలే.

నారాయణగూడ: మూడోదానికి ‘లోబడియుండవలసినదే’ అని కారణం తోడుంది, మొదటి రెంటికీ లేదు. బ్రదరెన్ సంఘాలు పట్టుకున్నది దాన్నే.

మెట్టుగూడ: పెంతెకొస్తువాళ్లు ‘మీ కుమార్తెలును’ ప్రవచిస్తారన్న యోవేలు ప్రవక్తను పట్టుకున్నారు. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో 2013లో నంద్యాలకు పుష్పలలిత గారు బిషప్పే అయ్యారు. కతోలికుల్లో పూజలో హోమిలీ (ప్రసంగం) గురువుకో డీకనుకో, అది వాళ్ల చర్చి చట్టంలో 767వ కానను. 766 కింద అవసరాన్ని బట్టి సామాన్య విశ్వాసులకు, అంటే స్త్రీలకూ, ప్రసంగించే అనుమతి దొరుకుతుంది.

రాంనగర్: ఫ్లెక్సీకి ‘స్త్రీలు’ ఉంచేస్తున్నా. ‘సైన్యము’ మరీ గట్టిగా ఉందంటున్నారు, ‘సమూహము’ వేయొచ్చా?

మెట్టుగూడ: ‘సావా’ అంటే సైన్యమే. ముట్టుకోవద్దు.

నారాయణగూడ: సంఖ్యాకాండం 4:3లో అదే ‘సావా’ గుడారపు సేవకు వాడారు. కాబట్టి సైన్యమే అనడానికి లేదు.

బాగ్‌లింగంపల్లి: కోఠి మాస్టారూ, ఆ వి–బ్బి యతి వర్గయతిలోకి వస్తుందా?