యూనివర్సిటీ విద్యార్థికి ఒక్క సెషన్ కౌన్సెలింగ్ సరిపోతుందా?

సాయంకాలం:
మా యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో ఈ సెమిస్టర్ నుంచి పద్ధతి మారింది. ఇదివరకు పేరు రాయించుకుంటే ఐదారు వారాలకు పిలుపు వచ్చేది, తర్వాత ఆరు సెషన్ల దాకా ఇచ్చేవారు. ఇప్పుడు రెండు మూడు రోజుల్లోనే పిలుస్తున్నారు కానీ ఒక్కటే సెషన్, అదీ గంటలోపు. "చాలామందికి అదే సరిపోతుంది" అంటున్నారు. ఇది మంచి మార్పా, చేతులు దులుపుకోవడమా? తెలిసినవాళ్లు చెప్పండి.

దారిదీపం:
పదకొండేళ్లుగా విద్యార్థులకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. మంచి మార్పే. ఇదేమీ నిన్నమొన్న పుట్టిన పొదుపు పథకం కాదు. మోషే టాల్మన్ అనే సైకాలజిస్టు కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థలో ఉన్నప్పుడు రికార్డులు తిరగేస్తే, ఒక్కసారి వచ్చి ఆగిపోయినవాళ్లే అన్నిటికంటే ఎక్కువమంది అని తేలింది. తన దగ్గరికి అలా వచ్చిన 200 మందికి ఫోన్ చేస్తే, 78 శాతం మంది కావలసింది దొరికిందనో, పరిస్థితి మెరుగుపడిందనో చెప్పారు. 1990లో ఆయన ఇదంతా పుస్తకంగా తెచ్చారు.

ఒక్క సెషన్‌లో ఏం చేస్తామో చెబుతాను. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలు ఉన్నాయేమో ముందే అడుగుతాం. ఉంటే వాళ్ల దారి వేరు, వాళ్లను ఒక్కసారితో పంపించం. మిగతావాళ్లను "ఇక్కడి నుంచి వెళ్లేటప్పటికి ఏం మారితే వచ్చినందుకు ఫలితం ఉందనిపిస్తుంది?" అని అడిగి, ఆ ఒక్క విషయాన్నే పట్టుకుంటాం. వివరాలు మార్చి చెబుతున్నాను: ఒక అమ్మాయి గైడ్ పంపిన మెయిల్‌ను 19 రోజులు తెరవలేదు. నా గదిలోనే, నేను పక్కన కూర్చుని ఉండగా తెరిచింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. చూస్తే అందులో రెండే లైన్లు. రెండో అధ్యాయం ఎప్పుడిస్తావు అని. జవాబు అక్కడే రాసి పంపింది. అంతకంటే ఆ రోజు ఆ అమ్మాయికి కావలసింది లేదు.

ముక్కుసూటి:
దారిదీపం గారూ, ఆ 200 మందికి ఫోన్ చేసిందెవరు? వైద్యం చేసిన మనిషే కదా. "ఎలా ఉన్నారు?" అని ఆయనే అడిగితే మొహం మీద బాగాలేదని ఎంతమంది అంటారు? పోల్చి చూడటానికి వైద్యం అందని వాళ్ల గుంపు కూడా లేదు. ఆ 78 శాతాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

చదువరి_2:
ఇంకో సెషన్ కావాలంటే ఇస్తారా ఇవ్వరా? ముందు అది తేలాలి.

దారిదీపం:
ముక్కుసూటి గారూ, మీ అనుమానం సబబే. అందుకే తర్వాతివాళ్లు పోల్చి చూశారు. 2017లో ష్లైడర్, వైజ్ అనే పరిశోధకులు పిల్లలకు, టీనేజర్లకు ఒక్క సెషన్‌లో ఇచ్చే సాయం మీద జరిగిన 50 ర్యాండమైజ్డ్ ట్రయల్స్‌ను (అంటే ఎవరికి ఇవ్వాలో లాటరీలా తేల్చి, ఇవ్వనివాళ్లతో పోల్చే ప్రయోగాలను) కలిపి లెక్కగట్టారు. మొత్తం పదివేలమందికి పైగా. ప్రభావం 0.32 వచ్చింది (సున్నా అంటే తేడా లేనట్టు, 0.2 చిన్నది, 0.5 ఓ మోస్తరు). పెద్దది కాదు, కానీ సున్నా కూడా కాదు. ఒక్క గంటకు అది తక్కువేం కాదు.

ముక్కుసూటి:
అడిగింది యూనివర్సిటీ వాళ్ల గురించి, మీరు చెబుతున్నది పిల్లల గురించి. ఫోన్ సంగతి దాటవేశారు. సరే, నేనూ ఒకటి చెబుతాను. 1997లో కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరినవాళ్ల మీద బిస్సన్ బృందం ట్రయల్ చేసింది. ఒక్క సెషన్ డీబ్రీఫింగ్, అంటే జరిగిన ప్రమాదం గురించి మాట్లాడించడం, ఇచ్చినవాళ్లలో 13 నెలల తర్వాత 26 శాతం మందికి పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మనసును వదలని ఆందోళన జబ్బు) ఉంది. ఏమీ ఇవ్వనివాళ్లలో 9 శాతమే. ఒక్కసారి కదిపి వదిలేస్తే మేలు మాట అటుంచి, కీడు కూడా జరగొచ్చు.

దారిదీపం:
అది వేరు, ఇది వేరు. డీబ్రీఫింగ్‌లో జరిగిన ఘోరాన్నంతా మళ్లీ చెప్పిస్తారు. మేం చేసేది విద్యార్థి తనంతట తాను తెచ్చిన సమస్యలో ఒక్క అడుగు వేయించడం. రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

కొత్తచిగురు:
నాకైతే ఒక్కసారే సరిపోయింది. పరీక్ష హాల్లో ఊపిరాడనంత టెన్షన్ వచ్చేది. అది గుండెజబ్బు కాదని, ఒంటికి ఎందుకలా అవుతుందో వివరించి చెప్పాక సగం భయం పోయింది. మళ్లీ వెళ్లే అవసరం రాలేదు.

ముక్కుసూటి:
మీకు బాగైనందుకు సంతోషం. కానీ "మళ్లీ రాలేదు కాబట్టి బాగైనట్టే" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నా రూమ్మేట్ కూడా ఒక్కసారే వెళ్లాడు. రాత్రి ఎన్నింటికి పడుకోవాలో, పొద్దున ఎన్నింటికి లేవాలో రాసిన కాగితం చేతిలో పెట్టారు. అల్మరా తలుపుకు అంటించుకున్నాడు. నాలుగు రోజులు టిక్కులు పెట్టాడు, ఐదో రోజు నుంచి గళ్లన్నీ ఖాళీ. రెండు వారాలకు మళ్లీ వెళ్తే కౌంటర్‌లోనే "మీ సెషన్ అయిపోయింది కదా" అన్నారు. గది దాకా కూడా వెళ్లనివ్వలేదు. ఆ సెమిస్టర్ మధ్యలోనే చదువు మానేసి వెళ్లిపోయాడు. గది ఖాళీ చేసిన రోజు ఆ కాగితాన్ని నేనే పీకాను. వాళ్ల రిజిస్టర్‌లో మాత్రం వాడు ఒక్క సెషన్‌తో సరిపోయినవాడు! వాడికి ఎవరు ఫోన్ చేశారు?

దారిదీపం:
నన్ను కూడా కాస్త ఆవేశపడనివ్వండి. వెయిటింగ్ లిస్టులో పేరు ఉండగానే చదువు వదిలేసి వెళ్లినవాళ్లు నాకు గుర్తున్నారు. పిలుపు వెళ్లేసరికి ఫోన్ పనిచేయదు. కొందరికి ఆరు సెషన్లు ఇచ్చిన రోజుల్లో వాళ్లకు అందింది సున్నా. ఆ సున్నా ఏ రిజిస్టర్‌లోనూ కనబడదు.

కానీ మీ స్నేహితుడికి జరిగింది అన్యాయం. ఒక్క సెషన్ పద్ధతి అంటే అది కాదు. టాల్మన్ బృందం ఒక్క సెషనే సరిపోవచ్చని వచ్చినవాళ్లకు ముందే చెప్పి చేసిన అధ్యయనంలో 58 మందిలో 34 మందే ఒక్కదానితో చాలనుకున్నారు. మిగతా 24 మందికి తలుపు తెరిచే ఉంది. చాలా లేదా అన్నది వచ్చిన మనిషితో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. కౌంటర్‌లో తేల్చేది కాదు.

ముక్కుసూటి:
ఇదే మొదట చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదండీ. గంట చాలదని నేననడం లేదు. చాలిందని నా బదులు ఇంకెవరో నిర్ణయించడం మీదే నా కోపం. మా దగ్గర ఆ 24 మంది ఎక్కడికి వెళ్లాలి?

చదువరి_2:
నేను మొదట అడిగింది అదే.

సాయంకాలం:
ఇప్పుడే వెళ్లి నోటీసు మళ్లీ చదివాను. "ప్రతి విద్యార్థికి సెమిస్టర్‌కు ఒక సెషన్" అని ఉంది. మళ్లీ రావచ్చని ఎక్కడా లేదు.

దారిదీపం:
అలాగైతే "మంచి మార్పే" అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. త్వరగా పిలవడం మంచిదే, దాన్ని వదులుకోవద్దు. రెండోసారి కావాలంటే ఎవరిని అడగాలి, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఇవ్వలేకపోతే ఎక్కడికి పంపుతారు, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. నలుగురూ కలిసి అడిగితే ఇంకా మంచిది.

ముక్కుసూటి:
సంతకం నేనూ పెడతాను. 78 శాతం సంగతి మాత్రం ఒప్పుకోను.

సాయంకాలం:
ఇంతసేపూ చెప్పలేదు, నాకు గురువారం అపాయింట్‌మెంట్ ఉంది. మానేద్దామనే ఈ ప్రశ్న పెట్టాను. వెళ్తాను. కూర్చోగానే ముందు ఇదే అడుగుతాను, ఇవాళ పూర్తికాకపోతే మళ్లీ ఎప్పుడు రావాలి అని.