మే నెలలో పిల్లలతో ఈతకు కర్నూలు దగ్గర ఎక్కడ బాగుంటుంది?

ప్రశ్న: కర్నూలు నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయాలండి. స్విమ్మింగ్ పూల్ వద్దు. పిల్లలకు ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు, ఈత అంతంతమాత్రం. తుంగభద్రలో దిగొచ్చా?

నల్లమల బాటసారి: మహానంది వెళ్లండి. ఊట నీళ్లు, ఎండాకాలంలోనూ తగ్గవు. అడుగున రూపాయి బిళ్ల పడినా కనిపిస్తుంది. గుడి బయటి కోనేర్లలో స్నానం చేయనిస్తారు. లోతు మాత్రం దాదాపు 5 అడుగులు. పెద్దవాళ్లకే ఛాతీ దాటుతుంది, మీ చిన్నవాళ్లకు మునుగుడే. మెట్ల మీదే, చేతికందే దూరంలో ఉంచండి. సబ్బు, షాంపూ వాడొద్దు. శివాలయం కదా, సోమవారం జనం ఎక్కువ. మామూలు రోజు పొద్దున్నే చేరితే మేలు.

ఏటిగట్టు: తుంగభద్ర జోలికి పోవద్దండి. ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. మోకాళ్ల లోతులో నడుస్తుంటే తర్వాతి అడుగు తల మునిగే చోట పడుతుంది. వెనక్కి ఎక్కుదామన్నా గుంత అంచు ఇసుక జారిపోతుంది, కాలు నిలవదు. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడే కంగారుపడతారు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి. మరి గాలి ట్యూబులు సరిపోతాయా?

ఏటిగట్టు: అవి ఆటబొమ్మలే. పిల్లల బరువుకు తగ్గ లైఫ్ జాకెట్, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది కొనండి. పట్టీ లేకపోతే జాకెట్ తేలుతుంది, పిల్లాడు కిందికి జారతాడు. మూత బిగించిన ఖాళీ 5 లీటర్ల డబ్బాకు తాడు కట్టి గట్టున ఉంచండి. ఎవరైనా మునుగుతుంటే దూకకుండా అదే విసరాలి.