వంద నూతుల కంటే ఒక బావి మేలట, మరి నుయ్యీ బావీ ఒకటి కాదా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారమండి. మాది రాజోలు పక్క. మా మేనకోడలు ఇంటర్ సెకండియర్ చదువుతోంది, పరీక్షలు దగ్గర పడ్డాయి, వాళ్ళ లెక్చరర్ గారు పుస్తకంలో పద్యాలతో పాటు బయట పద్యాలు కూడా కొన్ని ఇచ్చి ప్రతిపదార్థం, తాత్పర్యం రాసుకురమ్మన్నారట. అందులో నన్నయ గారిది ఒకటుంది, నిన్న సాయంత్రం నుంచి మా ఇద్దరికీ దాని మీదే చర్చ.

నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృత
వ్రత! యొక బావి మేలు, మఱి బావులు నూఱిటికంటె నొక్క స
త్క్రతువది మేలు, తత్క్రతు శతంబునకంటె సుతుండు మేలు, త
త్సుత శతకంబుకంటె నొక సూనృత వాక్యము మేలు సూడఁగన్

సందర్భం మీకు తెలిసిందే. శకుంతల కొడుకుని వెంటబెట్టుకుని సభకి వస్తే దుష్యంతుడు నువ్వెవరో నాకు తెలీదు పొమ్మన్నాడు, అప్పుడు చెప్పిన పద్యం.

పిల్ల ఒక గైడ్ చూసి రాసుకుంది. అందులో నూతులు అంటే బావులు అని, కింద లైన్లోనే బావి అంటే నుయ్యి అని ఉంది. తాత్పర్యం ఏమో "వంద బావుల కంటే ఒక బావి మేలు" అని మొదలు. రాసేసి అదే నన్నడిగింది, "మావయ్యా, వంద నూతుల కంటే ఒక నుయ్యి ఎలా మేలవుద్ది, లెక్క కుదరట్లేదు కదా" అని. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేనండి, గైడ్ రాసినవాళ్ళకి రాని అనుమానం దీనికి వచ్చింది.

నాకు తెలిసినంతలో చెప్పాను. ఇది వ్యాసభారతంలో శ్లోకానికి తెలుగు, అక్కడ "వరం కూపశతాద్వాపీ" అని ఉంటుంది. కూపం అంటే నుయ్యి, వాపి అంటే మెట్లు దిగి నీళ్ళు ముంచుకునే దిగుడుబావి. ఆ వాపి అనే మాటే తెలుగులో బావి అయింది, ప్రకృతి వాపి, వికృతి బావి, ఇది కూడా పరీక్షలో అడిగేదే. నూతిలో నీళ్ళు కావాలంటే చేద ఉండాలి, చేంతాడు ఉండాలి, తోడే ఓపిక ఉండాలి, దిగుడుబావికి అవేం అక్కర్లేదు, దాహం వేసినవాడు మెట్లు దిగి దోసిలి పట్టడమే. అందుకే వంద నూతుల కంటే అదొక్కటి మేలు అయింది. ఆ మొదటి మెట్టు తెలిస్తేనే తర్వాత వచ్చే యజ్ఞం, కొడుకు, సత్యం అన్నీ వరసలో నిలబడతాయి, అదే తెలియకపోతే మిగతా పద్యమంతా బట్టీయే.

అయితే మా పిల్ల తప్పు కూడా లేదండి. మా డెల్టాలో కాస్త తవ్వితే నీళ్ళొచ్చేస్తాయి, నాలుగు ఒరలు దింపితే నుయ్యి. మెట్లు కట్టుకుని దిగాల్సిన అవసరం ఇక్కడ ఎవరికొచ్చింది? నేనే దిగుడుబావి మొదటిసారి చూసింది పెద్దయ్యాక ఎక్కడో ప్రయాణంలో.

తర్వాత పెరట్లో నూతి దగ్గరికి తీసుకెళ్ళాను. గిలక తుప్పు పట్టిపోయింది, మోటారు పెట్టాక చేద వెయ్యడం మానేశాం, కానీ గట్టు మీద చేంతాడు ఒరుసుకుపోయిన గాడి అలాగే ఉంది, వేలు పెడితే సగం వేలు దిగుద్ది. మా అమ్మ, మా అమ్మమ్మ తోడిన గాడి అది. అక్కడ నిలబెట్టి అడిగాను, "కొబ్బరికాయ ఎందులో పడింది?" "నూతిలో." "నుయ్యిలో అని ఎందుకు అనలేదు?" అది ఆగిపోయింది. చెయ్యి చేతిలో, గొయ్యి గోతిలో, నెయ్యి నేతితో, రాయి రాతి మీద, నుయ్యి నూతిలో, ఔపవిభక్తికాలు అంటే ఇవేనే తల్లీ అన్నాను. ఇ, టి, తి అని సూత్రం వారం రోజులుగా వల్లె వేస్తోందట పాపం, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి తను మాట్లాడేది అదే అని ఎవరూ చెప్పలేదు.

ఇక నా అనుమానం. సూనృతవ్రత అన్నది సంబోధన, సత్యాన్నే వ్రతంగా పట్టినవాడా అని. మరి అబద్ధమాడుతున్న వాడిని పట్టుకుని అలా పిలవడం ఏంటండి, ఎత్తిపొడుపా, గౌరవమా? తాత్పర్యంలో ఏమని రాయమనాలి?

జవాబు 1:
అన్నా, మాది కరీంనగర్ దిక్కు. మా తాన అన్నీ బావులే, నుయ్యి అన్న మాట మేము పుస్తకాలల్లనే చదివినం. మోట బావి, ఎవుసం బావి, మంచినీళ్ళ బావి. మా పాత బావికి మెట్లుంటుండె, ఎండకాలం నీళ్ళు ఎంత కిందికి పోతే అన్ని మెట్లు దిగుడే. మా దగ్గర పోరగాళ్ళు చదివితే బావి సమజైతది, నూతులు అంటేనే ఆగుతరు. మీకు ఉల్టా అన్నట్టు.

జవాబు 2:
బాబూ, నేను తెలుగు మేష్టారిగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు అమలాపురంలోనే ఉంటున్నాను. ఎత్తిపొడుపు అని రాయించకండి. ఆవిడ రాజు మీద ఇంకా ఆశ వదులుకోలేదు, నువ్వు మాట తప్పేవాడివి కాదు సుమా అని ఆయనకే ఆయన్ని గుర్తు చేస్తోంది. సూనృతం అంటే ఉత్త సత్యం కాదు, సత్యమూ ప్రియమూ అయిన మాట. మొదటి పాదంలో ఆయన్ని ఆ పేరుతో పిలిచి, చివరి పాదంలో అన్నిటికంటే అదే గొప్పదని తేల్చింది, మధ్యలో ఇంక ఆయన తప్పించుకునే దారి లేదు. కొడుకుని పక్కన నిలబెట్టుకుని, వందమంది కొడుకుల కంటే ఒక నిజం మేలు అనడానికి ఆ తల్లికి ఎంత గుండె కావాలి! నాకైతే ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినా అక్కడికొచ్చేసరికి గొంతు పట్టేసేది. ఇంకోటి, "మేలు సూడఁగన్" దగ్గర గసడదవాదేశ సంధి, మేలు ప్రథమ, దాని మీద చూడగన్ లో చకారం సకారమైంది. ఊళ్ళో మనం సూడండి అనేది వేరు, రెండూ కలిపి రాసేస్తుంటారు పిల్లలు. ఛందస్సు అడిగితే చంపకమాల, న జ భ జ జ జ ర, పదకొండో అక్షరం యతి, ను కి నూ.

నా జవాబు:
మేష్టారూ, మీ కాళ్ళకి దండం అండి. కొడుకుని పక్కన పెట్టుకుని అన్న మాట అని నాకసలు తట్టలేదు. పిల్లకి చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు, గైడ్ మూసేసి మళ్ళీ రాసింది. అది రాసింది రాసినట్టు పెడుతున్నా:

"సత్యమే వ్రతంగా గల ఓ రాజా! మంచినీటితో నిండిన వంద చేదనూతుల కంటే ఒక దిగుడుబావి మేలు. అలాంటి వంద బావుల కంటే ఒక మంచి యజ్ఞం మేలు. అలాంటి వంద యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు. అలాంటి వందమంది కొడుకుల కంటే ఒక్క నిజమైన మాట మేలు."

ఎక్కడైనా తప్పుంటే రాత్రి తొమ్మిదిలోపు చెప్పండి, పొద్దున్న ఏడింటికే దానికి కాలేజీ బస్సు.